గర్భనిరోధక మాత్రలు, మొహం మీద మంగు మచ్చలు: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖలో మద్దిలపాలెం వైపు ఒక మందుల షాపులో ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. పిల్స్ స్ట్రిప్పు కోసం వచ్చినవాళ్లే, పక్కన ఎవరూ లేరని చూసుకుని, చున్నీ కాస్త పక్కకి లాగి బుగ్గ చూపించి "దీనికేమైనా క్రీమ్ ఉందా అక్కా" అని అడుగుతుంటారు. ఈ రెండింటికీ సంబంధం ఉండొచ్చని చాలామందికి తెలీదు. తెలిసినవాళ్లు కూడా గైనకాలజిస్టుకి చర్మం సంగతి చెప్పరు, స్కిన్ డాక్టరుకి పిల్స్ సంగతి చెప్పరు. నేను డాక్టర్ని కాను, మందు రాసివ్వను, కానీ ఆ రెండు చీటీలూ ఒకే హ్యాండ్‌బ్యాగ్‌లోంచి బయటికి రావడం చూసేది నేనే కాబట్టి కౌంటర్ దగ్గర తీరిగ్గా చెప్పలేకపోయేవన్నీ ఇక్కడ రాస్తున్నాను.

నా మొహం మీదున్నవి మంగు మచ్చలేనా? శోభి కాదా?

మంగు అయితే సాధారణంగా రెండు వైపులా ఒకేలా వస్తుంది. చెంప ఎముకల మీద, నుదుటి మీద, ముక్కు మీద, పై పెదవి మీద సన్న మీసంలా కనపడుతుంది. లేత గోధుమ రంగు నుంచి ముదురు గోధుమ దాకా ఉంటుంది, కొందరిలో బూడిద ఛాయ కూడా కనిపిస్తుంది. దురద ఉండదు, పొట్టు రాలదు. శోభి ఫంగస్ వల్ల వస్తుంది. చిన్నచిన్న లేత రంగు మచ్చలు, గీకితే సన్నగా పొట్టు, ఎక్కువగా మెడ, వీపు, ఛాతీ మీద. దాని మందు పూర్తిగా వేరు, ఒకదాని క్రీమ్ ఇంకోదానికి రాస్తే డబ్బు దండగ.

మెడ వెనక నల్లగా మందంగా, ముట్టుకుంటే గరుగ్గా ఉందంటే అది చాలాసార్లు ఇన్సులిన్ గొడవ, షుగర్ చూపించుకోండి. ఒక్క వైపే వచ్చి, ఎత్తుగా పెరుగుతూ, రక్తం కారే మచ్చ ఏదైనా ఉంటే ఈ పేజీ చదవడం ఆపేసి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

మాత్ర వేసుకునేది కడుపు రాకుండా, మరి మొహానికి ఏమిటి సంబంధం?

చర్మానికి రంగు ఇచ్చేది మెలనిన్, దాన్ని తయారుచేసే కణాల మీద ఈస్ట్రోజన్, ప్రొజెస్టరాన్ల ప్రభావం ఉంటుంది. కడుపుతో ఉన్నప్పుడు చాలామందికి మంగు వచ్చేది అందుకే. పిల్స్‌లో ఉండేవి కూడా ఆ హార్మోన్ల లాంటివే. అవి ఆ కణాల్ని ఉసిగొలిపి ఉంచుతాయి, ఆ మీద ఎండ పడిందంటే రంగు కాస్త ఎక్కువవడమే కాదు, మచ్చలు మచ్చలుగా పేరుకుంటుంది. అందరికీ రాదు. అమ్మకో అక్కకో మంగు ఉన్నవాళ్లకి, కడుపుతో ఉన్నప్పుడు ఒకసారి వచ్చి పోయినవాళ్లకి, మనలాగా చామనఛాయ చర్మం ఉన్నవాళ్లకి అవకాశం ఎక్కువ. థైరాయిడ్ ఇబ్బంది ఉన్నవాళ్లలోనూ ఎక్కువగా కనిపిస్తుంది, అందుకే కొందరు డాక్టర్లు ఆ పరీక్ష కూడా రాస్తారు.

ఆశా వర్కర్ ఇచ్చిన మాలా-ఎన్ వల్ల కూడా వస్తుందా? అది గవర్నమెంటుది కదా?

రావచ్చు. ప్రభుత్వం ఇచ్చినా షాపులో కొన్నా లోపలున్న మందు ఒకటే. మాలా-ఎన్, మాలా-డి రెండింట్లోనూ ఉండేవి ఇథినైల్ ఈస్ట్రడియోల్ (ఈస్ట్రోజన్ రకం) 30 మైక్రోగ్రాములు, లెవోనార్జెస్ట్రెల్ (ప్రొజెస్టరాన్ రకం) 150 మైక్రోగ్రాములు. 28 మాత్రల్లో 21 మాత్రమే హార్మోన్, మిగతా 7 ఐరన్. (ఐరన్ వల్ల మొహం నల్లబడిందేమో అని అడిగినవాళ్లున్నారు. దాని వల్ల విరేచనం నల్లగా అవుతుందిగానీ మొహం కాదు.)

మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజెక్షన్, హార్మోన్ ఉన్న లూప్, ప్రొజెస్టరాన్ మాత్రమే ఉండే పిల్స్, వీటితో కూడా కొందరికి మంగు వస్తుంది. ఈస్ట్రోజన్ లేదు కాబట్టి గ్యారంటీగా రాదని ఎవరైనా చెబితే నమ్మకండి. కాపర్-టీలో హార్మోనే ఉండదు. ఛాయ మాత్రలో, అంటే మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, తర్వాత వారానికి ఒకసారి వేసుకునేదాంట్లో, ఈస్ట్రోజన్, ప్రొజెస్టరాన్ రెండూ ఉండవు. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో తయారైన మందు అది, షాపుల్లో సహేలీ పేరుతో దొరికేదీ అదే.

అయితే ఇవాళే మాత్ర ఆపేస్తా.

ఆగండి. స్ట్రిప్పు మధ్యలో ఆపేస్తే రక్షణ వెంటనే పోతుంది, పైగా రక్తస్రావం గజిబిజి అవుతుంది. మచ్చలు పోయాయా లేదా తేలకముందే కడుపు వచ్చిందనుకోండి, అప్పుడు హార్మోన్లు ఇంకా ఎక్కువవుతాయి, మంగు ఇంకా ముదురుతుంది, సగం క్రీములు వాడ్డానికి కూడా వీలుండదు. ముందు రెండో పద్ధతి ఏదో ఖాయం చేసుకోండి. కాపర్-టీ వేయించుకుంటారా, ఛాయకి మారతారా, ఆయన కండోమ్ వాడతారా, పిల్లలు చాలనుకుంటే ఎవరో ఒకరు ఆపరేషన్ చేయించుకుంటారా. (మగవాళ్ల ఆపరేషన్ చిన్నది, తేలికైనది, అయినా మన ఇళ్లల్లో ఆ మాట ఎత్తేవాళ్లే లేరు.) అది తేల్చుకుని, చేతిలో ఉన్న స్ట్రిప్పు పూర్తిచేసి, గైనకాలజిస్టుకి చెప్పి మారండి.

ఆపేశాక ఎన్నాళ్లకి పోతాయి?

కొందరికి నెలల్లో పలచబడతాయి. కొందరికి ఏడాది దాటినా అలాగే ఉంటాయి. కడుపుతో వచ్చిన మంగు కాన్పయ్యాక చాలామందిలో తగ్గుతుంది, పిల్స్ వల్ల వచ్చింది అంత తొందరగా వదలదు. రంగు చర్మం పై పొరలో ఉంటే తొందరగా తగ్గుతుంది, లోపలి పొరలోకి దిగితే కష్టం. స్కిన్ డాక్టర్లు వుడ్స్ ల్యాంప్ అనే ఊదారంగు లైటు వేసి చూసి ఒక అంచనాకి వస్తారు. మాత్ర ఆపి, ఎండలో మాత్రం ఎప్పట్లాగే తిరుగుతుంటే ఆపిన లాభం సగం కూడా దక్కదు.

నాకు పెళ్లి కాలేదు, పీసీఓడీకి హార్మోన్ మాత్రలు రాశారు. ఇవి కూడా అవేనా?

అవును, చాలావరకు అవే. పేరు వేరు, పెట్టె వేరు, లోపల ఈస్ట్రోజనూ ఒక రకం ప్రొజెస్టరానూ ఉంటాయి. ఇందులో తప్పుపడాల్సింది ఏమీ లేదు, నెలసరి క్రమంలో పెట్టడానికి, మొటిమలు, అవాంఛిత రోమాలు తగ్గడానికి డాక్టర్లు సరిగ్గానే రాస్తారు. కానీ ఇంట్లో "హార్మోన్ మాత్రలు" అని మాత్రమే చెప్పి, స్కిన్ డాక్టరు "పిల్స్ ఏమైనా వాడుతున్నావా అమ్మా" అంటే పక్కన కూర్చున్న అమ్మని చూసి "లేదండీ" అంటున్నారు చూడండి, అక్కడే వస్తుంది ప్రమాదం. స్ట్రిప్పు ఫోటో ఫోన్లో పెట్టుకుని డాక్టరుకి చూపించండి, మాట్లాడక్కర్లేదు. ఎందుకింతలా చెబుతున్నానో కింద ట్రానెగ్జామిక్ ప్రశ్నలో ఉంది.

ఐ-పిల్ ఒకసారి వేసుకున్నాను, దానికే వచ్చేసిందా?

ఎప్పుడో ఒక్కసారి వేసుకున్నదాని మీద నేరం మోపలేం. అయితే నెలకి రెండుమూడుసార్లు అదే వాడుతున్నారంటే మచ్చల సంగతి తర్వాత, ముందు సరైన పద్ధతి ఒకటి చూసుకోవాలి. అది అత్యవసరానికి.

సన్‌స్క్రీన్ రాస్తూనే ఉన్నా అక్కా, ఏమీ తగ్గట్లేదు.

ఎంత రాస్తున్నారో చూపించమంటే చాలామంది వేలి కొసన శనగగింజంత చూపిస్తారు. చూపుడువేలు, మధ్యవేలు రెండింటి పొడుగునా ఒక్కో గీత తీస్తే వచ్చేంత కావాలి, మొహానికీ మెడకీ కలిపి. ఎస్‌పీఎఫ్ 30 కనీసం, 50 మేలు, పీఏ అనే గుర్తు పక్కన ప్లస్సులు మూడో నాలుగో ఉండాలి. బయటికి వెళ్లడానికి ఓ పావుగంట ముందు రాయాలి, బయటే ఉంటే రెండు మూడు గంటలకోసారి మళ్లీ రాయాలి. విశాఖ ఉక్కపోతకి పొద్దున ఎనిమిదికి రాసింది పదింటికల్లా చున్నీకి అంటుకునుంటుంది. మనకి జెల్ రకమో, నీటికి చెమటకి ఆగే రకమో నయం. చెమట ముందు అద్దుకుని తర్వాత రాయండి, రుద్దకండి.

ఇంకో విషయం, దీన్ని ఎవరూ చెప్పరు. మంగుని ముదరబెట్టేది అల్ట్రావయొలెట్ కిరణాలొక్కటే కాదు, కంటికి కనిపించే మామూలు వెలుతురు కూడా, ముఖ్యంగా మన రంగు చర్మంలో. మామూలు సన్‌స్క్రీన్ దాన్ని సరిగా ఆపదు. ఐరన్ ఆక్సైడ్ కలిసిన, చర్మం రంగులో ఉండే టింటెడ్ సన్‌స్క్రీన్ ఆపుతుంది. పైగా మచ్చ కూడా కాస్త కప్పబడుతుంది. ఒక్క ట్యూబుకే డబ్బులున్నాయంటే ఖరీదైన సీరమ్ వదిలేసి ఇది కొనమంటాను.

బీచ్ రోడ్డులో వాకింగ్ చేసేవాళ్లు తెల్లారుజామున వెళ్లి ఎండ ముదరకముందే ఇంటికొచ్చేయండి. ఎనిమిదిన్నర దాకా బెంచీ మీద కబుర్లు చెప్పుకుంటే లెక్క మారిపోతుంది. పొడి ఇసుక తన మీద పడిన అల్ట్రావయొలెట్‌లో 15 శాతం దాకా, అలల నురగ 25 శాతం దాకా తిరిగి మొహం మీదకే కొడతాయి, అందుకే రుషికొండ బీచ్‌లో గొడుగు వేసుకున్నా కమిలిపోతాం. మబ్బు పట్టిందని వదిలెయ్యకూడదు, పలచటి మబ్బుని అల్ట్రావయొలెట్ దాటుకుని వచ్చేస్తుంది. మధురవాడ నుంచి జగదాంబ దాకా బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా అంతే. అద్దం కమిలించే కిరణాల్ని ఆపుతుందిగానీ, మంగుని పెంచే యూవీఏని (అల్ట్రావయొలెట్‌లో ఒక రకం) మామూలు అద్దం సరిగా ఆపదు.

సింహాచలం చందనోత్సవం క్యూ, గిరి ప్రదక్షిణ గురించి కూడా అడుగుతారు. ప్రదక్షిణ 32 కిలోమీటర్లు, మధ్యాహ్నం మొదలుపెడితే సాయంత్రం దాకా ఎండే. వెళ్లండి, వెడల్పు అంచు టోపీయో తలమీదుగా కాటన్ చీర కొంగో వేసుకుని, చిన్న ట్యూబు నడుము సంచిలో పెట్టుకుని. ఫిషింగ్ హార్బర్ దగ్గర చేపలమ్మేవాళ్లు పెద్ద గొడుగు పాతుకుని, కొంగు నెత్తి మీదుగా నుదుటిదాకా లాక్కుని కూర్చుంటారు చూడండి, మనం స్కూటీ మీద సగం మొహానికి చున్నీ చుట్టి నుదురు, కళ్ల కింద వదిలేస్తాం. మంగు వచ్చేది సరిగ్గా అక్కడే.

పొయ్యి వేడికి కూడా ముదురుతుందా?

వేడి వల్ల కూడా పెరుగుతుందని డాక్టర్లు చెబుతారు. వంట మానేయలేం కదా, ఆవిరి మొహానికి కొట్టేలా మూకుడు మీదకి వంగకుండా, కిటికీ తెరిచి, మధ్యలో చల్లనీళ్లతో మొహం కడుక్కోండి. వంట ఇంకొకరు కూడా చేయొచ్చు, ఆ సంగతి ఇంట్లో తేల్చుకోండి.

మా వదినకి ఒక క్రీమ్‌తో పదిరోజుల్లో పోయాయి, అదే ఇవ్వండి.

ఈ ప్రశ్నతోనే నాకు రోజూ గొడవ. వదిన వాడింది చాలాసార్లు మూడు మందులు కలిపిన క్రీమ్ అయ్యుంటుంది: హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, ఒక స్టెరాయిడ్. 1975లో క్లిగ్‌మన్, విల్లిస్ అనే ఇద్దరు డాక్టర్లు ప్రచురించిన కలయిక నుంచి వచ్చింది. మంగుకి ఇవాళ్టికీ బాగా పనిచేసే పూతమందు ఇదే, అందులో సందేహం లేదు. డాక్టరు చూసి, రాత్రిపూట, మచ్చ మీద మాత్రమే పలచగా, కొన్ని వారాలు అని గీత గీసి ఇస్తారు, తర్వాత వేరేదానికి మారుస్తారు.

మన దగ్గర జరిగేది వేరు. డాక్టరు ఎనిమిది వారాలు రాస్తే ఆవిడ రెండేళ్లు వాడుతుంది, తెల్లబడుతున్నానని మొహమంతా రాసుకుంటుంది, చెల్లికిస్తుంది, పెళ్లి కుదిరిన పిన్నికూతురికిస్తుంది. స్టెరాయిడ్‌కి చర్మం పలచబడి, ఎర్రగా నరాలు తేలి, మొటిమలు, బుగ్గల మీద వెంట్రుకలు వస్తాయి. ఆపగానే మంట, ఎరుపు, నలుపు రెట్టింపు, భయపడి మళ్లీ రాస్తారు. హైడ్రోక్వినోన్ ఏళ్లతరబడి రాస్తే కొందరికి నీలి నలుపు రంగు పట్టేస్తుంది, అది పోవడం మహా కష్టం. 2018లో కేంద్రం ఇలాంటి పూత స్టెరాయిడ్లని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది, అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. నేనివ్వను. ఎదురు షాపులో ఇస్తారంటారా, ఇవ్వొచ్చు, రాసుకునేది మాత్రం మీ మొహానికే.

పేరూ ఊరూ లేని, లోపల ఏముందో రాయని తెల్లబడే క్రీముల జోలికి అసలే వెళ్లకండి. వాటిల్లో పాదరసం ఉండే ప్రమాదం ఉంది. కేరళలోని మలప్పురంలో అలాంటివి రాసుకున్నవాళ్లకి కిడ్నీలు దెబ్బతిన్న కేసులు 2023లో బయటపడ్డాయి.

స్టెరాయిడ్ లేనివి ఏమున్నాయి?

అజెలాయిక్ యాసిడ్ 15 లేదా 20 శాతం, కోజిక్ యాసిడ్, నియాసినమైడ్, విటమిన్ సి. వీటిలో అజెలాయిక్ మీద నాకు నమ్మకం ఎక్కువ, మొదట్లో కాస్త చురుక్కుమంటుంది, నిదానంగా పనిచేస్తుంది, మొటిమలకీ పనికొస్తుంది, కడుపుతో ఉన్నవాళ్లకి కూడా డాక్టర్లు ఇస్తారు. ఏది వాడినా తేడా కనపడ్డానికి రెండు మూడు నెలలు. వారానికో కొత్త ట్యూబు మారిస్తే ఏదీ పనిచేయదు, చర్మం మండి, ఆ మంటకే కొత్త నలుపు వస్తుంది.

స్కిన్ డాక్టరు ట్రానెగ్జామిక్ యాసిడ్ మాత్రలు రాశారు. పిల్స్‌తో కలిపి వేసుకోవచ్చా?

పేజీ మొత్తంలో ఇదొక్కటి చదివినా చాలు. ఈస్ట్రోజన్ ఉన్న పిల్స్ వాడుతూ ట్రానెగ్జామిక్ మాత్రలు వేసుకోకూడదు.

ట్రానెగ్జామిక్ రక్తస్రావం ఆపే మందు, నెలసరిలో ఎక్కువ పోతుంటే ఇస్తారు. మంగుకి పనికొస్తుందన్న సంగతి 1979లో జపాన్‌లో బయటికొచ్చింది. ఇప్పుడు మొండి మంగుకి 250 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు, కొన్ని నెలలు రాస్తున్నారు, చాలామందికి బాగా తగ్గుతుంది కూడా. మందు చెడ్డది కాదు. కానీ అది ఏర్పడిన గడ్డని కరగనివ్వదు, ఈస్ట్రోజన్ పిల్స్ ఏమో గడ్డకట్టే గుణాన్ని పెంచుతాయి. రెండూ కలిస్తే కాలి సిరల్లో, ఊపిరితిత్తుల్లో, మెదడులో గడ్డ కట్టే ప్రమాదం పెరుగుతుంది.

స్కిన్ డాక్టరు పిల్స్ గురించి అడగకపోతే మీరే చెప్పండి. ఇంట్లో ఎవరికైనా కాలి సిరల్లో గడ్డకట్టిందా, మీకు పక్షవాతం, గుండె జబ్బు, కళ్లముందు మెరుపులతో వచ్చే మైగ్రేన్ ఉన్నాయా, పొగ తాగుతారా, గర్భస్రావాలు ఒకటికి మించి అయ్యాయా, ఇవన్నీ కూడా చెప్పండి. మా షాపులో ఒకే చీటీ మీద రెండూ ఎప్పుడూ రావు. పొద్దున ఒక చీటీతో ఒకటి, సాయంత్రం ఇంకో చీటీతో ఇంకోటి, మధ్యలో వేరే షాపు. కంప్యూటర్‌కి కూడా అందదు.

రెండూ కలిపి వేసుకుంటూ ఇది చదువుతుంటే తర్వాతి ట్రానెగ్జామిక్ మాత్ర ఆపి ఇవాళే డాక్టరుకి ఫోన్ చేయండి. ఒక్క కాలి పిక్క వాచి నొప్పి, హఠాత్తుగా ఆయాసం, ఛాతీలో నొప్పి, చూపు మసకబారడం, మాట తడబడటం, వీటిలో ఏది వచ్చినా ఫోన్లు కాదు, నేరుగా ఎమర్జెన్సీకి.

పిల్లల కోసం ప్లాన్ చేస్తున్నాం, క్రీములు వాడొచ్చా?

పిల్స్ ఆపేది చాలామంది ఇందుకే, అదే నెలలో మంగు క్రీమ్ మొదలుపెడతారు. ట్రెటినాయిన్, హైడ్రోక్వినోన్ కడుపుతో ఉన్నప్పుడు వాడరు, ప్రయత్నంలో ఉన్నామని డాక్టరుకి ముందే చెబితే అవి లేని మందు రాస్తారు. సన్‌స్క్రీన్, అజెలాయిక్ కొనసాగించొచ్చు. పాలిచ్చేవాళ్లు బిడ్డ బుగ్గ తగిలేచోట ఏ క్రీమూ రాయకండి.

లేజర్ చేయించుకుంటే ఒక్కసారికి పోతాయట?

మన రంగు చర్మంలో లేజర్ వేడికి మంగు తిరగబెట్టడం, ముందుకంటే నల్లబడటం మామూలే. క్రీములు, సన్‌స్క్రీన్ నెలలపాటు సరిగ్గా వాడి, అప్పటికీ తగ్గకపోతే, అనుభవం ఉన్న చర్మ వైద్యులు జాగ్రత్తగా చేసే పని అది. గ్లైకోలిక్ పీల్స్ కూడా అంతే. ఆఫర్లు, ప్యాకేజీలు అని మెసేజ్‌లు పంపేచోట ఎండీ డెర్మటాలజీ చదివినవాళ్లు ఉన్నారా అని ముందు అడగండి.

నిమ్మరసం, పసుపు, శనగపిండి?

నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళితే చర్మం కాలి బొబ్బలెక్కుతుంది, ఆ మచ్చలు నెలలుంటాయి. శనగపిండి, మీగడ హాని చేయవు, గట్టిగా రుద్దనంతవరకు. మంగు మాత్రం వాటికి పోదు. పార్లర్‌లో బ్లీచ్ వద్దు, పై పెదవి మీద వ్యాక్సింగ్ కూడా వద్దు, త్రెడింగ్ తప్పదనుకుంటే ఆ రెండు రోజులు క్రీములు ఆపండి.

ఎక్కడికి వెళ్లాలి? డబ్బులు ఎక్కువ పెట్టలేం.

కేజీహెచ్‌లో (కింగ్ జార్జ్ ఆసుపత్రి) చర్మవ్యాధుల ఓపీ ఉంది, పొద్దున్నే వెళ్లాలి. పిల్స్ మార్చుకోవడానికి, కాపర్-టీకి ఆడవాళ్ల ప్రభుత్వాసుపత్రి అయిన ఘోషాసుపత్రికో మీ పట్టణ ఆరోగ్య కేంద్రానికో వెళ్లండి. కాపర్-టీ, ఛాయ, అంతర ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. ఎక్కడికెళ్లినా వాడుతున్న మందులన్నీ, స్ట్రిప్పులతో సహా, ఒక కవర్లో వేసుకుని తీసుకెళ్లండి. మొహానికి ఏమీ రాసుకోకుండా వెళ్లండి, ఫౌండేషన్ వేసుకుని వెళితే డాక్టరు చూసేదేముంటుంది.

తగ్గాక మళ్లీ వస్తాయా?

వస్తాయి, వేసవికి ముఖ్యంగా. మళ్లీ కడుపు వచ్చినా, మళ్లీ పిల్స్ మొదలుపెట్టినా వస్తాయి. అందుకే తగ్గిన తర్వాత కూడా సన్‌స్క్రీన్ ఆపరు. ఇంకోసారి గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లినప్పుడు "నాకు పిల్స్‌తో మంగు వచ్చింది" అని మొదటి మాటగా చెప్పండి, ఆవిడ వేరేది ఆలోచిస్తారు.

మా ఆయనకీ బుగ్గల మీద ఇలాగే ఉంది. ఆయన పిల్స్ వేసుకోరు కదా?

మగవాళ్లకీ వస్తుంది. స్టీల్ ప్లాంట్ డ్యూటీ, బైకు, హెల్మెట్ అద్దం పైకెత్తి నడపడం, ఎండ చాలు దానికి. మీ సన్‌స్క్రీనే ఆయనకీ పనికొస్తుంది, కాకపోతే రెండు ట్యూబులు కొనండి, ఒక్కటైతే మీకు మిగలదు.